ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు

అయిదో నెల నడుస్తుండగా ఒకరోజు మా హెచ్‌ఆర్ మేడం నన్ను క్యాబిన్‌లోకి పిలిచి కూర్చోబెట్టింది. మంచినీళ్లు తెప్పించింది. "వాంతులు తగ్గాయా, తిండి సహిస్తోందా" అని అడిగింది. తర్వాత డ్రాయర్‌లోంచి ఒక కాగితం తీసి నా వైపు తిప్పి పెట్టింది. ఇంగ్లిష్‌లో టైపు చేసిన నాలుగు లైన్లు. వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నానని, కంపెనీ నుంచి నాకు రావాల్సింది ఏమీ లేదని. కింద నా పేరు, ఎంప్లాయీ నంబర్ అప్పటికే కొట్టి ఉన్నాయి. తేదీ దగ్గర మాత్రం ఖాళీ. పెన్ను మూత తీసి ఆ కాగితం మీదే పెట్టింది.

ఇది 2023 సెప్టెంబర్ సంగతి. హైదరాబాద్‌లో మందుల హోల్‌సేల్ చేసే ఒక ప్రైవేట్ కంపెనీలో నేను అకౌంట్స్ అసిస్టెంట్‌ని. జీతం 27 వేలు. 2020 నవంబర్‌లో చేరాను. ఏడాది కాంట్రాక్ట్, ప్రతి నవంబర్‌కి రెన్యూవల్. రెండుసార్లు రెన్యూ చేశారు, ఒక్క రిమార్కు కూడా లేదు. ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్ లెటర్ ఇచ్చినప్పుడు చాలా మెచ్చుకున్నారు కూడా. ఆగస్టులో మా మేనేజర్‌కి నా విషయం చెప్పాను. మూడు వారాలు తిరిగేసరికి ఈ పిలుపు.

"ఇంట్లో ఒకసారి అడిగి చెప్తాను మేడం" అన్నాను.

"అడగడానికేముందమ్మా, నీ మంచికే చెప్తున్నా. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ బాగా రాసిస్తాం. డెలివరీ అయ్యాక తీరిగ్గా రా, అప్పుడు చూద్దాం" అంది.

"సరే మేడం, ఈ పేపర్ మా ఆయనకి చూపిస్తాను" అని మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. ఆమె ఒక క్షణం ఆగింది గానీ వద్దనలేదు. రేపు సంతకంతో తెస్తాననే అనుకుని ఉంటుంది. ఆ కాగితం బయటికి రాకపోయి ఉంటే తర్వాతి కథ ఇంకోలా ఉండేదని మా లాయర్ మేడం చాలాసార్లు అన్నారు.

నాకు అప్పటికి చట్టం సంగతి ఏమీ తెలియదు. మెటర్నిటీ లీవ్ అంటే గవర్నమెంట్ ఉద్యోగులకే అనుకునేదాన్ని. సంతకం పెట్టకుండా నన్ను ఆపింది మా అక్క. సొంత అక్క కాదు, నాకంటే ముందు అదే సీట్లో పనిచేసిన ఆవిడ. 2021లో ఏడో నెలలో మానేసింది. తనంతట తనే మానేసిందని ఆఫీసులో అందరం అనుకున్నాం. ఆ రాత్రి ఎందుకో ఆమె గుర్తొచ్చి ఫోన్ చేశాను. నేను సగం చెప్పేలోపే, "నాలుగు లైన్ల లెటరేనా? పేరు వాళ్లే కొట్టి ఉంచారా?" అంది. నాకు నోట మాట రాలేదు. "నేను పెట్టేశాను. నువ్వు పెట్టకు. పెడితే నువ్వే వెళ్లిపోయినట్టు అవుతుంది. ఆఫీస్ మెయిల్‌లో నీకు సంబంధించినవి ఏమున్నా ఈ వారంలోనే ఫోటోలు తీసుకో. వెళ్లే రోజు మెయిల్ లాక్ చేస్తారు" అని చెప్పింది.

మర్నాడు మెయిల్ పెట్టాను. నేను గర్భవతిని, డాక్టర్ చెప్పిన డెలివరీ తేదీ ఫిబ్రవరి 6, డిసెంబర్ 12 నుంచి మెటర్నిటీ లీవ్ కావాలి, రాజీనామా చేసే ఉద్దేశం నాకు లేదు. అంతే రాశాను, స్కాన్ రిపోర్ట్ జతచేశాను. ఈ చివరి వాక్యం రాయడానికి గంట పట్టింది. రాస్తే శత్రువుగా చూస్తారేమోనని భయం. మా అత్తమ్మ కూడా "కడుపులో బిడ్డకి ఈ టెన్షన్ మంచిది కాదు, మానేసెయ్ బిడ్డా" అంది. ఆమెది ప్రేమే. కానీ ఇంటి లోన్ ఈఎంఐలో సగం నా జీతంలోంచే పోతుంది. మా ఆయన ఏమీ అనలేదు, పక్కన కూర్చుని నేను సెండ్ కొట్టేదాకా లేవలేదు.

ఆ మెయిల్‌కి జవాబు రాలేదు. పది రోజుల తర్వాత నా టేబుల్ వేరేవాళ్లకి ఇచ్చి నన్ను స్టాక్ లెక్కకి వేశారు. గోడౌన్ మూడో అంతస్తు, లిఫ్ట్ సరుకుకి మాత్రమే. రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగడం. డాక్టర్ "మెట్లు తగ్గించాలి" అని చీటీ మీద రాసిచ్చింది. అది కూడా మెయిల్‌లో పెట్టాను. దానికీ జవాబు లేదు. అక్టోబర్ 30 సాయంత్రం కవర్ ఇచ్చారు. 31తో కాంట్రాక్ట్ ముగుస్తోంది, రెన్యూ చేయడం లేదు, అని. ఇంటికొచ్చి ఫోన్‌లో చూస్తే ఆఫీస్ మెయిల్ తెరుచుకోలేదు. అక్క చెప్పినట్టే.

ఒక ప్రైవేట్ లాయర్ దగ్గరికి వెళ్తే మొదటి విడతే 25 వేలు అడిగారు. ఉద్యోగం పోయిన మనిషి అంత ఎక్కడ తెస్తుంది? మా ఆయన స్నేహితుడు ఒకతను కోర్టులో అడ్వకేట్ గుమస్తా. అతను చెప్పాడు: "వదినా, ఆడవాళ్లకి ప్రభుత్వమే లాయర్‌ని ఇస్తుంది. జీతం ఎంతున్నా సరే. న్యాయ సాయం నంబర్ 15100కి ఫోన్ చేయండి, లేదంటే నేరుగా వెళ్లండి." 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉందట. ఆదాయ పరిమితి కొందరికి ఉంటుంది గానీ మహిళలకి లేదు. ఇది చదువుకున్న నాకే తెలియదు. మా గోడౌన్‌లో ప్యాకింగ్ చేసే అమ్మాయిలకి ఎవరు చెప్తారు?

ఎల్బీనగర్ కోర్టుల ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. నవంబర్ మొదటి వారంలో వెళ్లాను. ఇన్‌కమ్ సర్టిఫికెట్ అడుగుతారేమోనని ఏవేవో పట్టుకెళ్లాను. ఎవరూ అడగలేదు. ఆధార్ జిరాక్స్, ఒక దరఖాస్తు, సమస్య ఏమిటో ఒక పేజీ. అక్కడ పారా లీగల్ వాలంటీర్‌గా ఉన్న అమ్మాయి నా పొట్ట చూసి ముందు కుర్చీ జరిపింది. నేను చెప్తుంటే తెలుగులోనే రాసుకుంది. మధ్యలో నేను ఏడ్చేశాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, నేను తేరుకునేదాకా ఆగి, "ఇప్పుడు మళ్లీ ఆ తేదీ చెప్పండి అక్కా" అంది. ఆ ఓపిక నాకు చాలా పెద్ద సాయం.

రెండు రోజుల్లో ప్యానెల్ లాయర్‌ని, అంటే ఆ సంస్థ జాబితాలో ఉన్న లాయర్‌ని, కేటాయించారు. ఆ లాయర్ మేడం మొదట అడిగినవన్నీ సంతకాల గురించే. రాజీనామా పెట్టావా? లెక్కంతా తీరిపోయిందని రాసే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్మెంట్ మీద పెట్టావా? ఎగ్జిట్ ఫారం నింపావా? వాట్సాప్‌లో ఎక్కడైనా ఓకే అని పెట్టావా? అన్నిటికీ లేదు అన్నాకే కళ్లద్దాలు పెట్టుకుని నా కాగితాలు తీశారు.

ఆ రోజు మేడం చెప్పింది నాకు అర్థమైనట్టుగా రాస్తున్నాను. 1961 నాటి మెటర్నిటీ బెనిఫిట్ చట్టం పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే షాపులకి, కంపెనీలకి కూడా వర్తిస్తుంది. డెలివరీ తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు, అందులో 8 వారాలకు మించకుండా డెలివరీకి ముందే తీసుకోవచ్చు. 2017కి ముందు ఇది 12 వారాలే. నెలకి 21 వేల లోపు జీతం ఉండి ఈఎస్‌ఐ కడుతున్నవాళ్లకి ఆ డబ్బు ఈఎస్‌ఐ ఇస్తుంది. నాది 27 వేలు కాబట్టి కంపెనీయే ఇవ్వాలి. అసలు చిక్కు అక్కడే అన్నారు మేడం.

"కానీ నా కాంట్రాక్ట్ అయిపోయింది కదా మేడం?"

అదే నన్ను తినేస్తున్న ప్రశ్న. మేడం బ్యాగ్‌లోంచి ఒక జడ్జిమెంట్ ప్రింట్ తీశారు. కవితా యాదవ్ అనే డాక్టర్ కేసు. ఆమెదీ కాంట్రాక్టే. గడువు ముగిసింది కాబట్టి ఆ తర్వాతి రోజులకి మెటర్నిటీ డబ్బు రాదన్నారు. సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 17న ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. అర్హత వచ్చాక, కాంట్రాక్ట్ మధ్యలో ముగిసినా మొత్తం కాలానికి ఇవ్వాల్సిందే అని. అప్పటికి ఆ తీర్పు వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. నేను మేనేజర్‌కి నా సంగతి చెప్పిన నెలలోనే ఢిల్లీలో అది రాశారన్నమాట. పైగా చట్టంలో 12వ సెక్షన్ ఉంది. గర్భంతో ఉండగా తీసేసినా ఆ బెనిఫిట్ మీద హక్కు పోదు. పోయిందని వాళ్లు రాసిచ్చినా, ఆ కాగితం అందిన 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. మేడం క్యాలెండర్‌లో డిసెంబర్ 29 చుట్టూ సున్నా చుట్టి, "ఈలోపే వేసేద్దాం, చివరి రోజుదాకా వద్దు" అన్నారు.

"నువ్వు రిజైన్ చేసి ఉంటే ఈ సెక్షన్ దగ్గరికి వెళ్లడానికే మనం ముందు ఒక యుద్ధం చేయాల్సి వచ్చేది. బలవంతంగా రాయించారని రుజువు చేయాలి. అది చాలా కష్టం."

లీగల్ నోటీస్ రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది. పదిహేను రోజుల గడువు. జవాబులో నా పని తీరు బాగాలేదని రాశారు. అది చదివిన రోజు రాత్రంతా నిద్ర పట్టలేదు. మూడేళ్లలో ఒక్క జీఎస్టీ రిటర్న్ ఆలస్యం కానివ్వలేదు నేను. ఇంక్రిమెంట్ లెటర్, మెచ్చుకున్న మెయిల్ ఫోటో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే నా మాటకి ఎదురు వాళ్ల మాట.

డిసెంబర్ 11న లేబర్ ఆఫీసులో, ఈ చట్టం కింద ఇన్‌స్పెక్టర్‌గా ఉండే అధికారికి ఫిర్యాదు ఇచ్చాం. ఫైల్ తయారు చేయడానికి వారం పట్టింది. మూడేళ్ల కాంట్రాక్ట్ లెటర్లు, పన్నెండు నెలల పేస్లిప్పులు, జీతం పడినట్టు బ్యాంక్ స్టేట్‌మెంట్, స్కాన్ రిపోర్ట్, మెట్లు తగ్గించాలన్న డాక్టర్ చీటీ, మెయిళ్ల ఫోటోలు. 80 రోజుల లెక్క కోసం అటెండెన్స్ యాప్ స్క్రీన్‌షాట్లు. ఒక్కోదానికి మూడు కాపీలు. మా ఆయన జిరాక్స్ సెంటర్ దగ్గర నిలబడి నంబర్లు వేశాడు. నాకు అప్పటికి ఎనిమిదో నెల, కూర్చుంటే లేవలేను.

మేడం అప్పుడే ఇంకో మాట కూడా చెప్పారు. చట్టం ప్రకారం ఇలా తీసేసిన యజమానికి మూడు నెలలకి తక్కువ కాకుండా ఏడాది వరకు జైలు, జరిమానా కూడా పడొచ్చు. "కేసు అటు కూడా నడపొచ్చు. కానీ నీకు ఇప్పుడు కావలసింది ఏమిటో నువ్వు చెప్పు" అన్నారు. నాకు జైలు వద్దు. నా డబ్బు, నా సీటు కావాలి అన్నాను. అది నా నిర్ణయం. ఇంకొకరు వేరేలా కోరుకుంటే తప్పని నేను అనను.

మొదటి హియరింగ్‌కి కంపెనీ తరఫున హెచ్‌ఆర్ మేడం, ఒక కన్సల్టెంట్ వచ్చారు. చట్టంలో చెప్పిన ఫారంలో నేను నోటీసు ఇవ్వలేదు కాబట్టి క్లెయిమ్ చెల్లదని కన్సల్టెంట్ అన్నాడు. నా గుండె జారిపోయింది. నిజంగానే నేను ఏ ఫారమూ నింపలేదు, మామూలు మెయిలే రాశాను. లాయర్ మేడం చట్టం పుస్తకం తెరిచి ఆరో సెక్షన్ చివర ఉన్న లైను చదివారు. నోటీసు ఇవ్వనంత మాత్రాన హక్కు పోదని అందులోనే ఉంది. అధికారి తల ఊపి రాసుకున్నారు.

తర్వాత వాళ్లు అన్నారు, మేం ఎవరినీ రిజైన్ చేయమని అడగలేదు, కాంట్రాక్ట్ మామూలుగా ముగిసింది అని. అప్పుడు నా హ్యాండ్‌బ్యాగ్‌లోకి వచ్చిన ఆ కాగితం బయటికి తీశాం. ఇది మాది కాదు, ఎవరైనా టైపు చేసుకోవచ్చు అన్నారు. రెండో హియరింగ్‌కి మా అక్క వచ్చింది. తన రెండేళ్ల బాబుని చంకనేసుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. 2021లో తను సంతకం పెట్టిన లెటర్ ఫోటో ఆమె పాత ఫోన్‌లో ఉంది. ప్రింట్ తీయించి రెండూ పక్కపక్కన పెట్టాం. అవే నాలుగు లైన్లు. పర్సనల్ అన్న మాటలో రెండిట్లోనూ ఒక ఎన్ ఎక్కువ పడింది. అధికారి రెండు కాగితాలూ కాసేపు చూసి, హెచ్‌ఆర్ మేడం వైపు తిప్పారు. ఆమె ఏమీ మాట్లాడలేదు.

బయటికి వచ్చాక అక్క మా లాయర్ మేడంని అడిగింది, "నాకు కూడా ఏమైనా వస్తుందా మేడం?" అని. ఫిర్యాదుకి ఏడాది గడువు, ఎప్పుడో దాటిపోయింది, పైగా రాజీనామా ఉంది అని మేడం నెమ్మదిగా చెప్పారు. అక్క "సరేలెండి" అని బాబు చెప్పు సరిచేస్తూ కిందికి వంగింది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. ఆమెకి ఏమీ రాదని తెలిసే సగం, తెలియక సగం, నా కోసం వచ్చింది.

ఫిబ్రవరి మొదటి వారంలో పాప పుట్టింది. మార్చి హియరింగ్‌కి నా బదులు మా ఆయన, మేడం వెళ్లారు. అప్పటికి కంపెనీ దిగొచ్చింది, ఇస్తాం అంది. ఇక లెక్క దగ్గర పేచీ. వారానికి ఆరు పనిదినాలు, 26 వారాలకి 156 రోజులు, రోజుకి 900 చొప్పున 1,40,400 అని రాసుకొచ్చారు. మేడం ఆ కాగితం మీదే 156 కొట్టేసి 182 వేశారు. వారం అంటే ఏడు రోజులు, ఆదివారాలు కూడా లెక్కే. ఇది కొత్త మాట కాదు. కోయంబత్తూరు లేబర్ కోర్టు నుంచి వెళ్లిన కేసులో, ఎస్టేట్‌లో పనిచేసే ఒక కూలి స్త్రీకి ఆదివారాల డబ్బు కోసేస్తే, సుప్రీంకోర్టు 1977లోనే తేల్చిందట. నేను పుట్టకముందు ఎవరో తోటల వైపు ఆడమనిషి పన్నెండు ఆదివారాల కోసం ఢిల్లీ దాకా నిలబడితే, ఆ పుణ్యం నాకు 23,400 రూపాయలై వచ్చింది. మొత్తం 1,63,800. కంపెనీ కాన్పు వైద్యం ఏమీ చూపించలేదు కాబట్టి మెడికల్ బోనస్ 3,500 కూడా కలిపారు.

ఏప్రిల్‌లో అధికారి ముందు ఒప్పందం రాసుకున్నాం. డబ్బు నెలలోపు ఇవ్వాలి. కాంట్రాక్ట్ 2023 నవంబర్ 1 నుంచి తెగకుండా కొనసాగినట్టు లెటర్ ఇవ్వాలి. పాపకి పదిహేను నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు బ్రేకులు చట్టంలోనే ఉన్నాయి. మా ఇల్లు దూరం కాబట్టి ఆ రెండూ కలిపి సాయంత్రం ముందుగా వెళ్లేలా రాయించుకున్నాను. చివరిది మేడం పట్టుబట్టి పెట్టించారు: కొత్తగా చేరే ప్రతి ఆడమనిషికీ మెటర్నిటీ హక్కులేమిటో రాతపూర్వకంగా ఇవ్వాలి. 2017 సవరణలో అది ఎలాగూ ఉంది, ఎవరూ ఇవ్వరు, అంతే.

అన్నీ రాలేదు. నవంబర్ 1 నుంచి డిసెంబర్ 11 దాకా నలభై ఒక్క రోజులు నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు కదా, ఆ జీతం దాదాపు 37 వేలు. దాని కోసం పట్టుబడితే ఇంకో ఆరు నెలలు తిరగాలన్నారు. వదులుకున్నాను. పసిబిడ్డతో తిరగలేననిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే తిరిగి ఉండాల్సింది అనిపిస్తుంది. మేడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు. ఇన్ని నెలల్లో నా చేతినుంచి ఫీజుగా ఒక్క రూపాయి తీసుకోలేదు. డబ్బు వచ్చాక చీర పెట్టబోతే అది కూడా తీసుకోలేదు, పాపని ఎత్తుకుని ఫోటో దిగారు.

ఇది చదువుతున్నవాళ్లకి ఒకటి చెప్పాలి. నేను చెప్పిన సెక్షన్లు 1961 చట్టానివి. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. 26 వారాలు, 80 రోజులు, గర్భంతో ఉండగా తీసేయకూడదన్నది, 60 రోజుల గడువు అన్నీ అందులో ఉన్నాయి గానీ సెక్షన్ నంబర్లు మారాయి. కాబట్టి నా ఫిర్యాదు చూసి రాసుకోకండి, లాయర్‌ని కలవండి. 15100 మాత్రం అదే. గడువు మర్చిపోకండి. బాధలో ఉన్నప్పుడు రోజులు ఎలా పోతాయో తెలియదు.

జూన్ 11న తిరిగి చేరాను. అకౌంట్స్ టేబుల్ నాకే ఇచ్చారు. మొదటి నెల కొందరు సరిగ్గా పలకరించలేదు. హెచ్‌ఆర్ మేడం మెట్ల దగ్గర ఎదురైతే "పాప బాగుందా" అని అడిగింది, బాగుంది మేడం అన్నాను. నవంబర్‌లో కాంట్రాక్ట్ రెన్యూ చేశారు. అదే నెలలో బిల్లింగ్‌కి ఒక అమ్మాయి కొత్తగా చేరింది. పీఎఫ్ వివరాల కోసం ఆమె అపాయింట్‌మెంట్ ఫైల్ నా టేబుల్ మీదికి వచ్చింది. నాలుగో పేజీలో మెటర్నిటీ సెలవు 26 వారాలు అని ఉంది, కింద కంపెనీ ముద్ర ఉంది. ఆ పేజీ ఫోటో తీసి అక్కకి పంపాను.